బటన్లు కొత్తవే, రబ్బరు పాతది: నాయన బుల్లెట్టు నేర్పిన టైర్ల చరిత్ర

ఈ శుక్రవారం ఎపిసోడ్‌లో పాత బండ్ల టైర్ల గురించి మాట్లాడినా. సౌండ్ రాకూడదని రూంలో ఏసీ ఆపి రికార్డు చేసినా కాబట్టి, ఆ ఉక్కపోతలో సగం విషయాలు మర్చిపోయినా. మర్చిపోయినవి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నా. డ్యూటీలో వినడానికి కుదరనివాళ్ళు తీరిగ్గా చదువుకోండి.

ఈ మాట ఎందుకు వచ్చిందో ముందు చెప్తా. పోయిన నెల మా అక్క కొడుకు ఊరి నుంచి ఫోన్ చేసినాడు. "మామా, తాత బుల్లెట్టు రెడీ చేపిస్తాండా. వెనక 18 రిమ్ము వేసి 120 టైరు ఎక్కిస్తే బండి సింహం మాదిరి ఉంటాదంట. ఓ పన్నెండు వేలు పంపు" అన్నాడు. డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఆ బండి టైరు అనే మాట వింటేనే నాకు గుండెలో ఏదో అవుతాది. ఆ పిల్లోడికి ఫోన్‌లో ఒక్క ముక్కలో "వద్దురా" అని చెప్పి పెట్టేయొచ్చు. కానీ ఎందుకు వద్దో చెప్పకపోతే వాడు వినడు. చెప్పాలంటే టైరు పుట్టిన కాడ నుంచి మొదలుపెట్టాల.

నేను ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివినా. మెకానిక్‌ను కాదు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ సైట్లలో పనిచేస్తా ఉన్నా, ఇప్పుడు సూపర్‌వైజర్‌ను. కాంక్రీటు గురించి అడిగితే ధైర్యంగా చెప్తా. టైర్ల గురించి మాత్రం దెబ్బ తగిలినాక చదివి, అడిగి తెలుసుకున్నదే.

గాలి పట్టిన చక్రం

రబ్బరు మొదట్లో దేనికీ పనికొచ్చేది కాదు. ఎండకు జిగురయ్యేది, చలికి పెళుసయ్యేది. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన 1839లో రబ్బరుకు గంధకం కలిపి వేడిచేస్తే అది గట్టిగా, సాగేటట్టు తయారవుతుందని కనిపెట్టినాడు. దాన్నే వల్కనైజింగ్ అంటారు. మన ఊరి పంచర్ షాపు బోర్డు మీద రాసి ఉంటుందే, ఆ మాటే. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండ్ ఆయన గాలి నింపిన చక్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి సైకిల్ లేదు, మోటార్ లేదు. గుర్రపు బండ్లకు అంత ఖరీదు ఎవరు పెడతారు? ఆ ఆలోచన అట్లనే మూలన పడింది.

తర్వాత 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు, తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపులు తగ్గించడానికి మళ్ళీ అదే కనిపెట్టినాడు. థామ్సన్ ముందే చేసినాడని తేలి డన్‌లప్ పేటెంట్ నిలబడలేదు గానీ, ఆయన పేరు మాత్రం నిలబడింది. 1894లో జర్మనీలోని మ్యూనిక్‌లో హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ వాళ్ళు జనానికి అమ్మడానికి తయారుచేసిన మొదటి మోటార్‌సైకిల్‌కు గాలి టైర్లే వేసినారు. అంటే మోటార్‌సైకిల్ అమ్మకానికి వచ్చిన మొదటి రోజు నుంచి గాలి టైరు దాని ఒంట్లో భాగమే.

ఆ కాలం టైర్లకు అంచులో తీగ ఉండేది కాదు. అంచు లావుగా ఉండి రిమ్ము కొక్కేనికి తగులుకునేది. లోపలి గాలి ఒత్తిడే దాన్ని పట్టుకునేది. గాలి తగ్గితే నడుస్తా ఉన్న బండి నుంచి టైరు ఊడిపోయేది. 1920ల్లో అంచులో ఉక్కు తీగ పెట్టిన టైర్లు, మధ్యలో గుంట ఉన్న రిమ్ములు వచ్చినాకే తక్కువ గాలితో లావు టైరు నడపడం కుదిరింది. టైరు, రిమ్ము అనేవి ఒక జోడీ అని అప్పుడే తేలింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మా అల్లుడి 120 టైరు దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

తిరువొత్తియూరు వీధిలో

బుల్లెట్ అనే పేరు 1932 నాటిది. ఇంగ్లాండులో రెడ్డిచ్ అనే ఊరు, సూదులు తయారుచేసే ఊరని దానికి పేరు. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ అక్కడిది. మనం చూసే 350 బుల్లెట్ రూపం 1949లో వచ్చింది. వెనక చక్రం కదిలే స్వింగ్ ఆర్మ్ దాంట్లో కొత్త. సరిహద్దుల్లో తిరగడానికి మన సైన్యానికి ఆ బండి నచ్చి, 1950ల మొదట్లో 800 బండ్లకు ఆర్డర్ ఇచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. మద్రాసుకు ఉత్తరాన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ. మొదట ఇంగ్లాండు నుంచి వచ్చిన సామాన్లు బిగించేవాళ్ళు, తర్వాత అన్నీ ఇక్కడే చేయడం మొదలుపెట్టినారు. 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడింది. తిరువొత్తియూరులో మాత్రం బుల్లెట్ ఆగలేదు.

చిత్రమేమంటే, అదే తిరువొత్తియూరులో 1946లో కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్ళై అనే మలయాళీ కుర్రాడు ఒక షెడ్డులో పిల్లలు ఆడుకునే బెలూన్లు తయారుచేయడం మొదలుపెట్టినాడు. ఆ బెలూన్ల షెడ్డే మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ, అంటే ఎమ్మార్ఎఫ్. 1961లో అమెరికా మాన్స్‌ఫీల్డ్ కంపెనీ సాయంతో టైర్లకు దిగినారు. ఈ రోజు మన తెలంగాణలో సదాశివపేట దగ్గర కూడా వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. అంతకు ముందు దేశంలో టైరు అంటే డన్‌లపే. బెంగాల్‌లో సాహాగంజ్ ఫ్యాక్టరీ 1936 నాటిది, తర్వాత మద్రాసు పక్కన అంబత్తూరులో ఇంకొకటి. మా తరం పిల్లలకు ఎద్దుల బండి చక్రానికి టైరు వేస్తే అది "డన్‌లప్ బండి". పేరు అంతగా జనంలో కలిసిపోయింది.

బుల్లెట్ టైరు కొలత 3.25-19. అంటే వెడల్పు మూడుంపావు అంగుళాలు, రిమ్ము అడ్డకొలత 19 అంగుళాలు. ముందూ వెనకా ఒకటే కొలత. మైసూరులో 1961 నుంచి తయారైన జావాకు చిన్న చక్రాలు, 3.25-16. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100కు 2.75-18. అదే ఏడాది వచ్చిన ఆర్ఎక్స్ 100కు ముందు 2.50-18, వెనక 2.75-18. ఇప్పటి పిల్లలు ఆ టైర్లు చూసి "సైకిల్ టైర్లా" అని నవ్వుతారు. కానీ ఆ కొలతలు పిసినారితనంతో పెట్టినవి కావు. బండి బరువు, ఇంజిన్ బలం, రిమ్ము వెడల్పు, హ్యాండిల్ వాలు అన్నీ చూసి పెట్టినవి.

బుల్లెట్‌కు కొలత ఒకటే గానీ, టైరు రూపం మాత్రం రెండు రకాలు. ముందు గీతల టైరు, వెనక బటన్ టైరు. ముందు చక్రం పని దారి చూపడం. చుట్టూ తిరిగే గీతలు పక్కకు జారకుండా పట్టి, బండిని నేరుగా నడిపిస్తాయి. వెనక చక్రం పని నేలను తన్ని ముందుకు తోయడం. బటన్ల అడ్డ అంచులు దానికి పట్టు ఇస్తాయి.

1992, రేణిగుంట రోడ్డు

కొలత ఒకటే కావడం వల్ల మన పల్లెల్లో ఒక అలవాటు వచ్చింది. వెనక టైరు తొందరగా అరుగుతుంది. అది సగం అరిగినాక తీసి ముందుకు వేసి, కొత్తది కొని వెనకకు వేసేవాళ్ళు. ఒక టైరు డబ్బుతో రెండు చక్రాలూ నడుస్తాయి కదా అని లెక్క. మా నాయన కూడా అదే చేసినాడు. అరటి తోటలో వచ్చిన నాలుగు రూపాయలతో సెకండ్ హ్యాండులో కొన్న బండి అది. ఆయన్ను తప్పు పట్టను.

1992లో నాకు పన్నెండేళ్ళు. రైల్వే కోడూరు నుంచి రేణిగుంట పోతా ఉన్నాం, వెనక నేను, నా వెనక ఒక ఎరువుల మూట. రోడ్డు బాగుంది, నాయన 70 దాకా పోనిచ్చినాడు. ఉన్నట్టుండి హ్యాండిల్ వణకడం మొదలైంది. వణుకు అంటే చలికి వణికినట్టు కాదు, దయ్యం పట్టినట్టు. నాయన చేతులు రెండూ కొట్టుకుంటా ఉన్నాయి. ఆయన గట్టిగా పట్టే కొద్దీ ఎక్కువైంది. చివరికి యాక్సిలరేటర్ మెల్లగా వదిలేస్తే, వేగం తగ్గినాక అదే ఆగిపోయింది. రోడ్డు పక్కన చింతచెట్టు కింద దిగినాం. నాయన మాట్లాడలే. బీడీ ముట్టించబోయి రెండు పుల్లలు పారేసినాడు.

పాత బుల్లెట్లకు హ్యాండిల్ మధ్యలో ఒక నాబ్ ఉండేది, తిప్పితే స్టీరింగ్ బిగుసుకుంటుంది. నాయన దాన్ని బిగించినాడు. "ఇంక రాదులే" అన్నాడు. ఆ నాబ్ రోగానికి మందు కాదు, నొప్పి తెలియకుండా చేసే మాత్ర అంతే. ఆ సంగతి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ వణుకు ఏందో ఇప్పుడు చెప్తా. మీలో జమియాకు పోనివాళ్ళు లేరు. అక్కడ ట్రాలీ తోస్తా ఉంటే ఒక్కోసారి ముందు చక్రం టకటకమని కొట్టుకుంటుంది, చూసినారా? మా సైట్లో చక్రాల స్కాఫోల్డింగ్ తోసినప్పుడు కూడా అంతే. తిరిగే ఇరుసు ముందు, చక్రం నేలను తాకే చోటు కొంచెం వెనక. అట్లా వెనక ఉండడం వల్లనే చక్రం దారిలో పడుతుంది. కానీ దారిలో పడే ఊపులో అవతలికి దాటిపోతుంది, మళ్ళీ ఇవతలికి వస్తుంది. మోటార్‌సైకిల్ ముందు చక్రమూ అట్లాంటిదే. మామూలుగా ఆ ఊపు రెండు మూడు సార్లకే చచ్చిపోతుంది. టైరు సరిగా లేకపోతే చావదు, పెరుగుతుంది.

దీన్ని గట్టిగా లెక్కకట్టింది ఇంగ్లాండులో ఆర్.ఎస్. షార్ప్ అనే ఇంజనీరు, 1971లో. మోటార్‌సైకిల్ అదుపు తప్పే తీరులు మూడని ఆయన తేల్చినాడు. ఒకటి, మెల్లగా ఒక పక్కకు వాలి పడిపోవడం. రెండు, బండి మొత్తం పాములాగా ఊగడం, సెకనుకు రెండు నుంచి నాలుగు సార్లు, ఎక్కువ వేగంలో. మూడు, మా నాయనకు వచ్చిన హ్యాండిల్ వణుకు, సెకనుకు సుమారు ఆరు నుంచి పది సార్లు. హ్యాండిల్ తిప్పిన వెంటనే టైరు పక్క బలం చూపదు. రబ్బరు వంగి, సర్దుకుని, కొంచెం దొర్లినాకే చూపుతుంది. ఆ చిన్న ఆలస్యాన్ని కూడా షార్ప్ లెక్కలో పెట్టినాడు. వణుకు గుట్టు ఎక్కువగా అక్కడే ఉంది. గాలి తక్కువైనా, టైరు ఎగుడుదిగుడుగా అరిగినా, కోన్ సెట్టు లూజైనా, వెనక బరువు ఎక్కువై ముందు చక్రం తేలికైనా ఆ గుణం చెడుతుంది.

ఇప్పుడు మా 1992 బండిని చూడండి. వెనక నడిచి నడిచి మధ్యలో చదునైన బటన్ టైరు ముందుకు వచ్చింది. గాలి కొలిచినవాడు లేడు. వెనక నేను, ఎరువుల మూట. అన్నీ ఒకే రోజు కలిసినాయి. మనిషి కంటితో చూసి చేత్తో సరిచేయడానికి కనీసం పావు సెకను పడుతుంది. ఆ లోపల హ్యాండిల్ రెండుసార్లు కొట్టుకుని ఉంటుంది. అందుకే బిగపట్టి సరిచేయాలని చూస్తే మనమే దాన్ని ఇంకా ఊపుతాం. సడన్ బ్రేకు వేసినా ముందు చక్రం మీద బరువు పడి ఇంకా చెడుతుంది. నాయన చేసిందే సరి: పట్టు మెత్తగా ఉంచి, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించడం.

పాల క్యాన్లు కట్టిన రాజ్‌దూత్‌లు మన ఊళ్ళల్లో మెల్లగా పోయేవి కదా. పోలండ్ బండిని చూసి 1962 నుంచి ఎస్కార్ట్స్ వాళ్ళు చేసిన బండి అది. అందరూ ఇంజిన్‌కు బలం లేదనుకుంటారు. నాకైతే, వెనక అంత బరువుతో ముందు చక్రం తేలిపోతుందని ఆ పాలాయనకు చేతులకే తెలుసనిపిస్తుంది.

లావు టైరు మోజు

పాత కాలంలో రేసుల వాళ్ళు కూడా సన్న టైర్లే వాడినారు. 1969లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగిన టీటీ రేసులో మాల్కమ్ అప్‌హిల్, షాపులో అమ్మే మోడల్ బండ్ల పందెంలో ట్రయంఫ్ బానవిల్ మీద మొదటిసారి గంటకు 100 మైళ్ళ సగటుతో ఒక చుట్టు కొట్టినాడు. అంటే 160 కిలోమీటర్లు. ఆ టైరు డన్‌లప్ కె81. ఆ రోజు తర్వాత దానికి టీటీ100 అని పేరు పెట్టినారు. ఇప్పటి కుర్రోళ్ళ కంటికి అది కూడా సన్న టైరే. దాని గొప్పతనం వెడల్పులో లేదు, గుండ్రని రూపంలో, రబ్బరు మిశ్రమంలో ఉంది.

తర్వాత జపాన్ బండ్లు వచ్చినాయి. ఇంజిన్ బలం ఒక్కసారిగా పెరిగింది, ఫ్రేములు, టైర్లు దాన్ని అందుకోలేకపోయినాయి. 1969లో వచ్చిన కవాసాకి 500కు ఊగుడు బండి అని చెడ్డపేరే ఉండేది. అప్పటి నుంచి ఫ్రేము, ఫోర్కు, రిమ్ము, టైరు అన్నీ కలిసి లావైనాయి. 1980ల్లో మోటార్‌సైకిళ్ళకు రేడియల్ టైర్లు వచ్చినాయి. ఇక్కడ మనం పోగొట్టుకున్న మాట "కలిసి". అన్నీ కలిసి లావైనాయి. మన పిల్లలు టైరు ఒక్కదాన్నే లావు చేస్తున్నారు.

బుల్లెట్ పాత రిమ్ము లోపలి వెడల్పు 1.85 అంగుళాలు. 120 టైరుకు రెండున్నర అంగుళాలు, ఆ పైన ఉంటే బాగుంటుంది. ఇరుకు రిమ్ములో లావు టైరు బిగిస్తే అంచులు దగ్గరికి నొక్కుకుని, టైరు నెత్తి కోసుగా లేస్తుంది. గోడలు వదులై ఊగుతాయి. నేల మీద ఆనేది ఎక్కువ అవ్వాలని వేస్తే తక్కువ కావచ్చు. సైట్లో చెప్పాలంటే, చిన్న ఫుటింగ్ మీద పెద్ద కాలమ్ పోసినట్టు. పైకి బలంగా కనపడుతుంది. ఇంకో మాట, లావు టైరుతో అదే మలుపు తిరగాలంటే బండిని ఇంకొంచెం ఎక్కువ వాల్చాల. ముందు సన్నగీతల టైరు, వెనక లావు టైరు అయితే, రెండు చక్రాలూ చెరో మాట మాట్లాడతాయి.

2017, మూడో రోజు

ఇప్పుడు అసలు సంగతి. నాయన 2011లో పోయినాడు. 2013లో లీవుకు పోయినప్పుడు బండికి ముందూ వెనకా కొత్త టైర్లు వేయించినా. కొలత సరిగ్గా 3.25-19. ముందు గీతలది, వెనక బటన్లది. నాయన చేసిన తప్పు నేను చేయలేదు. ఆ నెల రోజులు తిరిగి, షెడ్డులో పెట్టి కువైత్ వచ్చేసినా. 2015లో మళ్ళీ ఒక నెల. మిగతా కాలమంతా బండి స్టాండు మీదనే.

2017 నవంబర్‌లో లీవుకు పోయినా. మూడో రోజు అమ్మకు షుగర్ టెస్టు చేయించడానికి కోడూరుకు బండి మీద బయలుదేరినాం. సన్న తుంపర. వేగం 30 దాటలేదు. కల్వర్టు దగ్గర మలుపులో ఒక మేక అడ్డమొస్తే ముందు బ్రేకు కొంచెం పట్టినా, అంతే. ముందు చక్రం సబ్బు మీద కాలు పెట్టినట్టు పోయింది. నాకు మోచెయ్యి గీరుకుంది. అమ్మ కుడి తుంటి ఎముక విరిగింది. తిరుపతిలో ఆపరేషన్. లీవు ఇరవై రెండు రోజులు పొడిగించుకున్నా. ఈ రోజుకీ అమ్మ కర్ర పట్టుకునే నడుస్తుంది.

ఊళ్ళో అందరూ దిష్టి అన్నారు. నేను మాత్రం "ట్రాక్టర్ నుంచి రోడ్డు మీద ఇసుక పడి ఉంది" అని చెప్పినా. అమ్మకూ అదే చెప్పినా.

నాలుగో రోజు మెకానిక్ దగ్గర బండి చూసినా. టైర్లకు గీతలు, బటన్లు అన్నీ నిండుగా ఉన్నాయి. మెకానిక్ మాత్రం బొటనవేలి గోరు తీసుకుని ముందు టైరు మీద నొక్కి, "నువ్వు నొక్కు అన్నా" అన్నాడు. గోరు దిగలే. కొయ్య మీద నొక్కినట్టు ఉంది. గీతల అడుగున సన్న పగుళ్ళు. తర్వాత టైరు గోడ మీద ఒక చిన్న నంబరు చూపించినాడు: 2308. అంటే 2008వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. నేను 2013లో "కొత్తవి" అని కొన్నప్పటికే దానికి అయిదేళ్ళు. కింద పడ్డ రోజుకు తొమ్మిదేళ్ళు దాటినాయి.

టైరు నడిస్తేనే అరుగుతుంది అనుకుంటాం. రబ్బరు నడవకపోయినా ముసలిదవుతుంది. గాలిలో ఆక్సిజన్, ఓజోన్ దాన్ని మెల్లగా గట్టిపరుస్తాయి. దాన్ని మెత్తగా ఉంచే నూనెలు పోతాయి. వేడి అయితే ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. నిజానికి తిరిగే టైరే నయం, దొర్లేటప్పుడు లోపలి మైనం లాంటి రక్షణ పదార్థం పైకి వచ్చి రబ్బరును కాపాడుతుంది. స్టాండు మీద నిలబడ్డ దానికి అది కూడా లేదు. మొదట్లో టైర్లు తెల్లగా ఉండేవి. 1910ల్లో కార్బన్ బ్లాక్, అంటే ఒక రకం మసి కలపడం మొదలుపెట్టినాక నల్లబడినాయి, అరుగుదలా తగ్గింది, ఎండనూ కొంత తట్టుకున్నాయి. ఎంత మసి కలిపినా కాలాన్ని మాత్రం ఆపలేరు.

పొడి రోడ్డు మీద గట్టి రబ్బరు కూడా ఎట్లనో పట్టుకుంటుంది. తడి రోడ్డు మీద రబ్బరు మెత్తగా రోడ్డు గరుకులోకి దిగితేనే పట్టు. ఇసుక లేదు అక్కడ. నేను కొన్న టైరే అది. కొట్టు ఏదో ఇప్పుడు అనవసరం. కొనేటప్పుడు ఆ నాలుగు అంకెలు చూడాలని తెలియనిది నాకే.

ఈ ఎండల్లో

కువైత్ ఎండ సంగతి మీకు నేను చెప్పేదేముంది. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ కూడా సరిచూసి ఒప్పుకున్న లెక్క. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు మమ్మల్ని ఎండలో పని చేయించకూడదని రూలే ఉంది. మనకు రూలుంది, టైరుకు లేదు. రిగ్గైలో మా బిల్డింగ్ కింద డెలివరీ తమ్ముళ్ళ బండ్లు పగలంతా ఎండలో నిలబడి ఉంటాయి. నవంబర్‌లో మొదటి వాన పడినప్పుడు, ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము, నూనె తేలి రోడ్డు జిడ్డు కారుతుంది. ఆ రోజు బండి తీసేముందు గోరు పెట్టి నొక్కి చూడండి తమ్ముళ్ళూ. బండి మీది కాకపోయినా ఒళ్ళు మీదే. టైరు పాడైందనిపిస్తే ఫోటో తీసి ముదీర్‌కు పంపండి, నోటితో చెప్పి వదిలేయొద్దు. షువైక్ పారిశ్రామికవాడలో బన్షర్ దుకాణాలు కావాల్సినన్ని. అక్కడ కొన్నా ఆ నాలుగు అంకెలే ముందు చూడండి.

లీవుకు పోయేవాళ్ళకు మరీ మరీ చెప్తున్నా. మనలో ప్రతి ఒక్కరికీ ఊళ్ళో ఒక బండి ఉంటుంది. రెండేళ్ళు షెడ్డులో పడుకుని ఉంటుంది. మనం దిగిన రెండో రోజే పెట్రోలు పోసి, కిక్కు కొట్టి, పెళ్ళాన్నో అమ్మనో ఎక్కించుకుంటాం. స్టార్ట్ అయితే చాలు బండి బాగున్నట్టే అనుకుంటాం.

అల్లుడికి ఏం చెప్పినానంటే

రికార్డింగ్‌కు ముందు రోజు రాత్రి అమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, ఆ పొద్దు ఇసుక లేదు. టైరు పాతది. నేను చూసుకోలే" అని చెప్పినా. ఎనిమిదేళ్ళు పట్టింది నాకు ఆ మాట అనడానికి. అమ్మ కాసేపు పలకలే. తర్వాత, "ఇసుక ఉంటే నా చీరకు అంటదా? నాకు తెలుసులేరా. ఆ పిల్లోడు ఇప్పుడు ఏదో లావు టైరు అంటాండాడు, వానికి చెప్పినావా లేదా?" అంది.

వానికి చెప్పినా. పన్నెండు వేలు పంపలే, టైర్ల డబ్బు మాత్రం పంపినా. ముందు 3.25-19 గీతల టైరు, వెనక 3.25-19 బటన్ టైరు, కొత్త ట్యూబులు, లోపలి రిమ్ము టేపు. రెండింటి మీదా తేదీ అంకెలు ఫోటో తీసి పంపితేనే బిగించమన్నా. ఏడాది లోపలివి అయి ఉండాల. స్పోకులు బిగించి రిమ్ము వంకర తీయమన్నా. కోన్ సెట్టు, వెనక స్వింగ్ ఆర్మ్ బుష్షులు చూపించమన్నా. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ తిప్పితే ఎక్కడా పట్టకూడదు, ముందుకూ వెనక్కూ లాగితే టకటక అనకూడదు. గాలి కంపెనీ పుస్తకంలో ఉన్నంతే, ముందు తక్కువ, వెనక ఎక్కువ, చల్లగా ఉన్నప్పుడే కొట్టించాల. వెనక టైరు ముందుకు మార్చేది లేదు. రీబటన్ టైరు జోలికి పోయేది లేదు. కొత్త టైరు నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి నూట యాభై కిలోమీటర్లు మెల్లగా తిప్పాల. నెలకొకసారి అయినా బండిని బయటికి తీసి నడపాల. ఎక్కువ రోజులు వాడకపోతే పెద్ద స్టాండు వేసి, టైర్ల మీద ఎండ పడకుండా కప్పాల. అయిదేళ్ళు దాటిన టైరును ఏటా మెకానిక్‌కు చూపించాల. పదేళ్ళు దాటితే బటన్లు ఎంత నిండుగా ఉన్నా దాన్ని తీసి బావి దగ్గర ఉయ్యాల కట్టుకోవడమే.

"సింహం మాదిరి ఉండదు కదా మామా" అన్నాడు వాడు. "ఉండదురా. మీ తాత బండి మాదిరి ఉంటాది" అన్నా. నవ్వినాడు. నిన్న ఫోటోలు పంపినాడు. ముందు టైరు అంకెలు బాగానే ఉన్నాయి. వెనకది రెండేళ్ళ పాతది, వాపసు ఇచ్చి రమ్మన్నా. కొట్టాయన గొణిగినాడంట గానీ మార్చినాడు.

మీ ఊళ్ళో ఉన్న బండి ఏది, దాని టైరు మీద అంకెలు ఎంత, ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి. పిల్లలతో ఫోటో తీయించుకోండి. వచ్చే శుక్రవారం మళ్ళీ మాట్లాడుకుందాం. జాగ్రత్తగా ఉండండి, నీళ్ళు బాగా తాగండి.